హత్య, ఆయుధాల చట్టం కేసులో శిక్ష పడితే హైకోర్టులో అప్పీల్: కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

తీర్పు రోజు సెషన్స్ కోర్టు వరండాలో నిలబడ్డ ఇంటివాళ్లకు ఒక్క మాటే వినిపిస్తుంది: యావజ్జీవం. దాని వెనకే జడ్జిగారు చదివిన ఆయుధాల చట్టం సెక్షన్లు, జరిమానా, రెండు శిక్షలూ ఏకకాలంలో నడవాలన్న ఆదేశం ఎవరి చెవికీ ఎక్కవు. మనిషిని జైలు వ్యాను ఎక్కిస్తారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. మర్నాడు ఎవరో ఒకరు ఫోన్ చేసి 'పైకోర్టుకు వెళ్లండి' అంటారు, ఎలా వెళ్లాలో మాత్రం చెప్పరు.

నేను క్రిమినల్ అప్పీళ్ల పని చేసే వకీలుని. ఇది చదివి మీరే అప్పీల్ వాదించుకోవాలని కాదు. వకీలు దగ్గరకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, ఏం అడగాలో, ఏ గడువు దాటితే ఇబ్బందో తెలియాలని రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో పని జరిగే తీరే ఇక్కడ చెబుతున్నాను. ముందు ఒక మాట. ఒక మనిషి చనిపోయాడు, ఆయనకూ ఒక కుటుంబం ఉంది. చంపని మనిషి జైల్లో మగ్గితే వాళ్లకు కూడా న్యాయం జరిగినట్టు కాదు. అప్పీల్ వేస్తున్నందుకు మీరు సిగ్గుపడాల్సిన పని లేదు.

సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు వెళ్లడం చట్టం ఇచ్చిన హక్కు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం)లో సెక్షన్ 374, దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 415 ఆ హక్కు ఇస్తాయి. ఈ మొదటి అప్పీల్లో హైకోర్టు చట్టం పాయింట్లతో సరిపెట్టుకోదు. సాక్ష్యాన్ని కూడా మొదటి నుంచీ మళ్లీ చదివి, తన అభిప్రాయానికి తాను రావాలి. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంత పూర్తిగా కేసును చూసే అవకాశం మళ్లీ రాదు.

మొదట: ఏ సెక్షన్‌కు ఎంత శిక్ష పడిందో రాసుకోండి

తీర్పు కాపీ రాగానే చివరి పేజీలు చదవండి. ఏ నేరానికి ఎంత శిక్ష వేశారో అక్కడ విడివిడిగా ఉంటుంది. నేరం జరిగిన తేదీ 2024 జూలై 1కి ముందైతే హత్యకు పాత శిక్షా చట్టం ఐపీసీ 302, ఆ రోజు గానీ తర్వాత గానీ అయితే కొత్త శిక్షా చట్టం బీఎన్‌ఎస్ 103. ఐపీసీ కేసులో నిందితులు ఎక్కువమంది ఉంటే పక్కన ఉమ్మడి ఉద్దేశం అంటే 34 గానీ, చట్టవిరుద్ధ గుంపు అంటే 149 గానీ, కుట్ర అంటే 120-బి గానీ ఉంటాయి. తుపాకీ ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్లకు యావజ్జీవం ఎందుకు పడిందన్న ప్రశ్నకు జవాబు ఈ సెక్షన్లలోనే ఉంటుంది. కాబట్టి వాటినీ రాసుకోండి.

ఆయుధాల చట్టంలో చాలామంది కలిపేసుకునే నేరాలు రెండున్నాయి. 25(1బి)(ఎ) అంటే లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం. సెక్షన్ 27 అంటే ఆ ఆయుధాన్ని వాడటం. దగ్గర ఉంచుకోవడం వేరు, వాడటం వేరు. మొదటిదానికి శిక్ష ఒకప్పుడు ఏడాది నుంచి మూడేళ్లు. 2019 చివర్లో వచ్చిన సవరణతో రెండు నుంచి ఐదేళ్లయింది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలే రకాలు, ప్రభుత్వం నోటిఫై చేసిన మరికొన్ని నిషిద్ధ ఆయుధాల కిందకు వస్తాయి. వాటిని దగ్గర ఉంచుకుంటే 25(1ఎ) వర్తిస్తుంది. దానికి శిక్ష ఒకప్పుడు ఐదు నుంచి పదేళ్లు, సవరణ తర్వాత ఏడు నుంచి పద్నాలుగేళ్లు. మామూలు ఆయుధం వాడితే 27(1) కింద మూడు నుంచి ఏడేళ్లు.

ఈ అంకెలెందుకంటే, నేరం జరిగిన రోజున ఉన్న చట్టం ప్రకారమే శిక్ష వేయాలి. 2018లో దొరికిన తుపాకీకి 2019 సవరణ లెక్కన శిక్ష వేస్తే అది అప్పీల్లో పెట్టాల్సిన పాయింటే. నిషిద్ధ ఆయుధం వాడకం వల్ల ప్రాణం పోతే మరణశిక్ష తప్పనిసరి అని ఒకప్పుడు 27(3) చెప్పేది. 2012లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. తుపాకీకి లైసెన్సు ఉండి ఉంటే సెక్షన్ 27 శిక్ష నిలుస్తుందా అన్నది మరో ప్రశ్న. ఆ సెక్షన్ వర్తించాలంటే ముందు లైసెన్సు నిబంధన ఉల్లంఘన జరిగి ఉండాలని 2021లో సురీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అరవై రోజుల లెక్క

హైకోర్టులో అప్పీల్ వేయడానికి గడువు తీర్పు రోజు నుంచి 60 రోజులు. మరణశిక్ష అయితే 30 రోజులే. మరణశిక్షను హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు చేయరు, ఆ ఫైలు దానంతటదే హైకోర్టుకు వెళ్తుంది. అయినా మీ వైపు నుంచి అప్పీల్ విడిగా వేయాల్సిందే.

శిక్ష పడ్డ మనిషికి తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఇది పాత చట్టంలో 363, కొత్తదాంట్లో 404. జైలుకు వెళ్లే హడావుడిలో ఆ కాపీ ఎక్కడో పడిపోతుంది. ములాఖత్‌కు వెళ్లిన మొదటి రోజే కాపీ ఇచ్చారా, ఎక్కడుందని అడగండి. సర్టిఫైడ్ కాపీకి విడిగా దరఖాస్తు పెడితే, ఆ కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. దరఖాస్తు పెట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ కాపీ వెనక ముద్రలో ఉంటాయి. ఆ ముద్ర జాగ్రత్త.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోయినా, ఇంట్లో తిరిగే మనిషి లేకపోయినా గడువు దాటనివ్వొద్దు. జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీల్ పంపొచ్చు. రాజమండ్రి అయినా, కడప అయినా, చర్లపల్లి అయినా పద్ధతి ఒకటే: ఖైదీ అప్పీల్ కాగితం, తీర్పు కాపీ జైలు అధికారికి ఇస్తే ఆయన హైకోర్టుకు పంపాలి. వివరమైన గ్రౌండ్స్ (తీర్పు ఎందుకు తప్పో చెప్పే కారణాలు) తర్వాత చేర్చుకోవచ్చు.

గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే ఆశ వదులుకోకండి. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయొచ్చు. కాకపోతే 'పేదరికం వల్ల' అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు. తీర్పు ఎప్పుడు అందింది, డబ్బు కోసం ఎవరిని అడిగారు, మొదటి వకీలు ఫైలు ఎప్పుడు తిరిగిచ్చాడు, ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది, తేదీలతో సహా రాసి ఉన్న కాగితాలు జతచేయండి. జీవితకాలం శిక్ష పడ్డ మనిషి విషయంలో కోర్టులు ఆలస్యాన్ని సానుభూతితోనే చూస్తాయి, నిజం చెబితే.

వకీలు సంగతి

జైల్లో ఉన్న మనిషికి ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్ల ఆదాయం ఎంతన్నది చూడరు. జైల్లోనే లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, హైకోర్టుకు సొంత లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అప్పీల్ వేసే ఖైదీకి తీర్పు కాపీ, వకీలు సాయం అందించడం రాజ్యం బాధ్యత అని సుప్రీంకోర్టు 1978లోనే హోస్కోట్ కేసులో చెప్పింది.

ఫీజు ఇచ్చి పెట్టుకునేటట్టయితే పేరు, కారు, ఆఫీసు చూసి కాదు. 'రికార్డు మొత్తం చదవడానికి మీకు ఎన్ని రోజులు పడుతుంది? గ్రౌండ్స్ మాకు చదివి వినిపిస్తారా?' అని అడగండి. మొదటి రోజే 'ఆరు నెలల్లో బయటికి తెస్తా' అని హామీ ఇచ్చేవాళ్ల దగ్గర కాస్త ఆగండి. 'లోపల మనవాళ్లున్నారు, మేనేజ్ చేస్తాం' అని లక్షలు అడిగే మధ్యవర్తులు కోర్టుల చుట్టూ తిరుగుతుంటారు. టెన్షన్‌లో ఉన్న ఇల్లే వాళ్లకు కావాలి. పొలం అమ్మి ఆ డబ్బు వాళ్ల చేతిలో పోసిన కుటుంబాలను చూశాను. ఆ డబ్బూ తిరిగి రాలేదు, వాళ్ల అప్పీల్ గడువూ దాటిపోయింది.

రికార్డు తెప్పించుకోండి

అప్పీల్ అంతా కాగితం మీదే నడుస్తుంది. హైకోర్టులో మామూలుగా కొత్త సాక్షులు రారు, బోనులో ఎవరూ ఏడవరు. కింది కోర్టులో రికార్డయిన మాటలే అక్కడ మాట్లాడతాయి. అందుకే ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఘటనాస్థలం స్కెచ్, సీజర్ (వస్తువుల స్వాధీనం) పంచనామాలు, పోలీసులు తీసుకున్న 161 స్టేట్‌మెంట్లు, కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు, ప్రాసిక్యూషన్‌కు అనుమతిచ్చిన ఆర్డర్, నిందితుణ్ని జడ్జిగారు అడిగిన 313 ప్రశ్నలు, జవాబులు, ఇవన్నీ కావాలి. కింది కోర్టులో వాదించిన వకీలు దగ్గర ఎక్కువ భాగం ఉంటాయి. ఆయనతో గొడవ పడి ఫైలు పోగొట్టుకోకండి. మిగతావి హైకోర్టు తెప్పించే కింది కోర్టు రికార్డులో వస్తాయి.

కేసు కదలికలు ఈ-కోర్ట్స్ యాప్‌లో కనిపిస్తాయి. కేసుకు ఇచ్చే సీఎన్‌ఆర్ నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే వకీలు ఆఫీసు చుట్టూ తిరగకుండానే తదుపరి తేదీ తెలుస్తుంది.

తుపాకీ వెంట నడవండి

ఇక అసలు పని. ఇలాంటి కేసుల్లో హత్య నేరం, ఆయుధం నేరం ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని నిలబడతాయి. 'వీడి దగ్గర తుపాకీ దొరికింది కాబట్టి వీడే చంపాడు. వీడే చంపాడు కాబట్టి ఆ తుపాకీ వీడిదే.' ఈ గుండ్రని వాదం తీర్పుల్లో తెలియకుండానే దూరుతుంది. రెండింటినీ విడదీసి, ఒక్కొక్కటీ తన కాళ్ల మీద తాను నిలబడగలదా అని చూడటమే మీ వకీలు చేయాల్సిన పని. అందుకు తుపాకీ దొరికిన క్షణం నుంచి కోర్టు బల్ల మీదకు చేరేదాకా దాని వెంట నడవాలి.

ఎక్కడ దొరికింది? ఒంటి మీదా, సొంత గదిలోనా, అందరూ తిరిగే ఇంట్లోనా, ఊరి బయట తుప్పల్లోనా? దగ్గర ఉంచుకోవడం అంటే ఆయుధం అక్కడుందన్న ఎరుకతో, దాని మీద తన అదుపు ఉండటం అని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. చేతిలోనే ఉండాలని లేదు, కానీ తెలిసి ఉండాలి. నలుగురు అన్నదమ్ములు ఉండే ఇంట్లో అటక మీద దొరికితే ఎవరికి తెలుసన్నది ప్రాసిక్యూషన్ చూపాలి. ఉమ్మడిగా ఉంటున్న ఇంటి విషయంలో ఆయుధాల చట్టం సెక్షన్ 35 కొంత భారాన్ని ఇంటివాళ్ల మీద పెడుతుంది కాబట్టి దాన్ని కూడా వకీలు చూసి సమాధానం సిద్ధం చేసుకోవాలి.

ఎలా దొరికింది? చాలా కేసుల్లో పోలీసులు 'నిందితుడు నేరం ఒప్పుకుని, తుపాకీ దాచిన చోటు చూపించాడు' అంటారు. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. అయితే ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, బయటపడటానికి కారణమైన ముక్క వరకూ చెల్లుతుంది. ఇది పాత సాక్ష్య చట్టం సెక్షన్ 27, ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టం బీఎస్‌ఏ సెక్షన్ 23లో ఉంది. దేశమంతా దీని మీద ఇవాళ్టికీ చెప్పుకునే తీర్పు మన గుంటూరు జిల్లాలో మొదలైంది. అక్కడి సెషన్స్ కోర్టు నుంచి లండన్‌లో అప్పటి అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు అది, 1947 నాటి రిపోర్టుల్లో ఉంది. ప్రివీ కౌన్సిల్ చెప్పింది ఇంతే: 'ఫలానా చోట దాచాను' అన్న ముక్క చెల్లుతుంది, 'దీంతోనే ఫలానా మనిషిని పొడిచాను' అన్న ముక్క చెల్లదు. తుపాకీ దొరికింది కాబట్టి ఆ మనిషికి ఆ చోటు తెలుసని రుజువవుతుంది తప్ప, దాంతోనే కాల్చాడని రుజువు కాదు. మీ తీర్పు కాపీలో జడ్జిగారు ఒప్పుకోలు మొత్తాన్ని నమ్మి రాసి ఉంటే ఆ పేరా కింద గీత గీయండి.

పంచనామా సాక్షులు ఎవరు? మన దగ్గర వీళ్లను మీడియేటర్లు అంటాం. ఎక్కువగా వీఆర్‌ఓలో, ఇతర ప్రభుత్వ ఉద్యోగులో ఉంటారు. ఘటన జరిగిన ఊరికీ వాళ్లకూ సంబంధం ఏమిటి, సంతకం ఎక్కడ పెట్టారు, స్టేషన్‌లోనా, స్పాట్‌లోనా? క్రాస్‌లో (నిందితుడి వకీలు అడిగిన ప్రశ్నలకు) వాళ్లు చెప్పిన టైం, పంచనామా టైం, ఇన్‌స్పెక్టర్ చెప్పిన టైం ఒక తెల్ల కాగితం మీద పక్కపక్కన రాయండి. 2024 జూలై 1 తర్వాత జరిగిన సోదాలకు బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం వీడియో తీయాలి. తీయకపోతే, లేదా తీసినా కోర్టుకు ఇవ్వకపోతే అడగాల్సిందే.

తర్వాత సీలు. స్పాట్‌లో తుపాకీని గుడ్డలో చుట్టి సీలు వేశారా? ఆ సీలు ముద్ర నమూనా ఎవరి దగ్గర పెట్టారు? స్టేషన్ మాల్‌ఖానా (స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గది) నుంచి కోర్టుకు ఎప్పుడు వెళ్లింది, కోర్టు నుంచి ఎఫ్‌ఎస్‌ఎల్‌కు ఎవరు మోసుకెళ్లారు, ఆ కానిస్టేబుల్‌ను సాక్షిగా విచారించారా? తెలంగాణలో ఎక్కువగా రెడ్‌హిల్స్‌లోని ల్యాబ్‌కు పంపుతారు. ల్యాబ్ రిపోర్టు మొదటి పేజీలోనే పార్సిళ్లు ఎలా అందాయో, సీళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో రాసి ఉంటుంది. ఆ పేజీని ఎవరూ చదవరు, చివరి అభిప్రాయం ఒక్కటే చదువుతారు. ఒక కేసులో పంచనామాలో రెండు తూటాలని ఉంది. ల్యాబ్‌కు చేరింది మూడు. కింది కోర్టులో ఒక్కరూ ఆ అంకె పట్టుకోలేదు. నేను కూడా రెండోసారి చదివేటప్పుడే చూశాను. అప్పటి నుంచి ప్రతి రికార్డులోనూ తూటాలు, ఖాళీ షెల్స్, చిన్న గుండ్లు వేలితో లెక్కపెడుతున్నాను. మీరూ లెక్కపెట్టండి.

ల్యాబ్ రిపోర్టు నిజంగా ఏం చెబుతోంది? రైఫిలింగ్ (గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు) ఉన్న తుపాకీ అయితే, పరీక్ష కోసం పేల్చిన తూటా మీద గీతలను శరీరంలో దొరికిన తూటా మీద గీతలతో మైక్రోస్కోప్ కింద పోల్చి, ఇదే తుపాకీ అని చెప్పగలరు. గొట్టం లోపల నున్నగా ఉండే నాటు తుపాకీకి, గుండ్లు చిమ్మే తుపాకీకి ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు ఖాళీ షెల్ మీద ఫైరింగ్ పిన్ పడ్డ గుర్తే ఆధారం. ఘటనాస్థలంలో షెల్ దొరకకపోతే, లేదా దొరికిన చాలా రోజుల తర్వాత తుపాకీతో కలిపి ఒకే పార్సిల్‌లో పంపితే అడగాల్సిన ప్రశ్నలు బోలెడు. గొట్టంలో మందు ఆనవాళ్లు ఉన్నాయన్న మాటతో అది ఆ రోజే పేలిందని తేలదు. 'ఈ తుపాకీ పనిచేస్తుంది' అన్న రిపోర్టు వేరు, 'ఈ తూటా ఈ తుపాకీలోంచే వచ్చింది' అన్న రిపోర్టు వేరు. మొదటిది మాత్రమే ఉన్న కేసులో హత్యకూ తుపాకీకీ మధ్య లంకె లేనట్టే.

ల్యాబ్‌కు పంపకపోవడమే కేసును కూల్చేస్తుందా? కొన్నిసార్లు అవును. 1995లో సుఖ్వంత్ సింగ్ కేసులో తూటా, పిస్టల్ రెండూ దొరికినా పరీక్షకు పంపకపోవడాన్ని సుప్రీంకోర్టు తీవ్రంగా తీసుకుంది. కానీ నమ్మదగిన ప్రత్యక్ష సాక్షులు ఉంటే తుపాకీ దొరకకపోయినా, ల్యాబ్ రిపోర్టు లేకపోయినా శిక్ష నిలుస్తుందని 2021లో గులాబ్ కేసులో అదే కోర్టు చెప్పింది. మీ కేసు దేనికి దగ్గరో నిజాయితీగా చూసుకోవాలి. ప్రత్యక్ష సాక్షి బలంగా ఉన్నప్పుడు ల్యాబ్ లోపం మీదే అప్పీల్ మొత్తం ఆనించడం ప్రమాదం.

చివరగా అనుమతి. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న నేరానికి కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలని ఆయుధాల చట్టం సెక్షన్ 39 చెబుతోంది. కమిషనరేట్ ప్రాంతాల్లో ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. ఆ ఆర్డర్ రికార్డులో ఉందా? దాని తేదీ ఏమిటి? ఏ కాగితాలు చూసి సంతకం పెట్టారో అందులో కనిపిస్తోందా? అనుమతే లేకపోతే 25(1బి)(ఎ) శిక్ష మీద బలమైన దెబ్బ పడుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఈ అనుమతి సెక్షన్ 3 నేరానికే, అంటే లైసెన్సు లేకుండా ఉంచుకున్నదానికే. వాడకం నేరానికి, నిషిద్ధ ఆయుధం నేరానికి ఈ పాయింట్ పనిచేయదు.

హత్య వైపు చూడాల్సినవి

ప్రత్యక్ష సాక్షి ఉంటే ఆయన ఎక్కడ నిలబడి చూశాడో స్కెచ్‌లో గుర్తించండి. ఎంత దూరం నుంచి కాల్చారని చెప్పాడో పోస్టుమార్టం రిపోర్టుతో సరిచూడండి. తుపాకీ చాలా దగ్గర నుంచి పేలితే గాయం అంచున చర్మం కాలడం, నల్లబడటం, మందు కణాలు గుచ్చుకోవడం కనిపిస్తాయి. దూరం పెరిగే కొద్దీ ఇవి తగ్గి మాయమవుతాయి. సాక్షి 'ముప్పై అడుగుల నుంచి కాల్చాడు' అంటే, డాక్టరు గాయం చుట్టూ నల్లబడిందని రాస్తే, ఆ రెండింటిలో ఒకటి తప్పు. తూటా లోపలికి వెళ్లిన గాయం, బయటికొచ్చిన గాయం ఏ వైపు ఉన్నాయో కూడా చూడాలి.

ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేట్‌కు ఎన్ని గంటలకు చేరిందో కాపీ మీద ముద్ర ఉంటుంది. రాత్రి పది గంటలకు నమోదైన ఎఫ్‌ఐఆర్ మర్నాడు సాయంత్రానికి చేరితే ఆ మధ్య ఏం జరిగిందని అడగొచ్చు. సాక్షి ఒకడే ఉంటే అతను పూర్తిగా నమ్మదగినవాడా, పూర్తిగా నమ్మలేనివాడా, మధ్యలో ఉన్నాడా అన్నది 1957 నాటి వడివేలు తేవర్ తీర్పు ఇచ్చిన కొలత. సాక్షి హాస్టైల్ అయ్యాడంటే, అంటే పిలిచిన ప్రాసిక్యూషన్‌కే ఎదురు తిరిగాడంటే, ఆయన మాటంతా చెత్తబుట్టలో పడ్డట్టు కాదు. అందులో మీకు పనికొచ్చేదీ, ప్రాసిక్యూషన్‌కు పనికొచ్చేదీ రెండూ మిగులుతాయి.

ప్రత్యక్ష సాక్షి ఎవరూ లేకపోతే కేసు పరిస్థితుల గొలుసు మీద నిలబడుతుంది. ఆ గొలుసులో ప్రతి లంకె రుజువై, నిందితుడు తప్ప మరొకరు చేసి ఉండటానికి వీలు లేనంత బిగువుగా ఉండాలని 1984లో శరద్ బిర్ధిచంద్ సార్దా కేసు చెప్పింది. ఇక్కడే తుపాకీ లంకె తెగితే మిగతా గొలుసు జారిపోయే అవకాశం ఎక్కువ.

313 ప్రశ్నలను తప్పక చదవండి. కొత్త చట్టంలో ఇది 351. శిక్షకు ఆధారం చేసుకున్న ప్రతి ముఖ్యమైన అంశాన్నీ జడ్జి నిందితుణ్ని అడిగి జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి. 'నీ ఇంట్లో దొరికిన తుపాకీకీ మృతుడి శరీరంలో తూటాకీ సరిపోయిందని ల్యాబ్ చెప్పింది, ఏమంటావు?' అని అడగనే అడగకుండా, తీర్పులో మాత్రం దాని మీదే శిక్ష వేస్తే అది పెద్ద పాయింట్.

గ్రౌండ్స్ ఎలా ఉండాలి

నలభై గ్రౌండ్లు రాసి, అన్నిట్లోనూ 'కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగా చూడలేదు' అంటే ఏ జడ్జీ చదవరు. ఆరేడు గ్రౌండ్లు చాలు. ప్రతిదానికీ సాక్షి నంబరు (ప్రాసిక్యూషన్ సాక్షి అయితే పీడబ్ల్యూ), పేజీ చూపించాలి: 'పీడబ్ల్యూ-9 క్రాస్‌లో తాను స్టేషన్‌లో సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు, తీర్పు 31వ పేరా దీన్ని పట్టించుకోలేదు' లాగా. హత్య నేరానికి ఒక వరస, వాడకం నేరానికి ఒక వరస, దగ్గర ఉంచుకున్న నేరానికి ఒక వరస విడిగా రాయించండి.

పక్కనే ఒక ప్రత్యామ్నాయ వాదన కూడా పెట్టించుకోండి. కాల్చింది నిజమేనని కోర్టు నమ్మినా, అది హత్యా, లేక క్షణికావేశంలో, అప్పటికప్పుడు రేగిన గొడవలో జరిగిన హత్య కాని నేరమా? అప్పుడు ఐపీసీ 304, బీఎన్‌ఎస్‌లో 105 కిందకు వస్తుంది, శిక్ష బాగా తగ్గొచ్చు. ఇంట్లోవాళ్లకు ఇది ఒప్పుకోలు లాగా అనిపించి కోపం వస్తుంది. ఒప్పుకోలు కాదు. 'ఒకవేళ' అన్న పద్ధతిలోనే వకీలు దీన్ని వాదిస్తారు.

కింది కోర్టులో చెప్పని కొత్త కథ ఇప్పుడు అల్లొద్దు. ఆ రోజు నిజంగానే ఆయన వేరే ఊళ్లో ఉన్నాడని రుజువు చేసే కాగితం అప్పట్లో దొరకక ఇప్పుడు దొరికితే, అదనపు సాక్ష్యం తీసుకోమని విడిగా పిటిషన్ వేయాలి. పాత 391, కొత్త 432. కోర్టు అరుదుగానే ఒప్పుకుంటుంది కాబట్టి ఎందుకు ఆలస్యమైందో బలంగా చెప్పాలి.

అప్పీల్ తేలేలోపు బెయిల్

అప్పీల్‌తో పాటే శిక్ష నిలిపివేత పిటిషన్ వేస్తారు. పాత 389, కొత్త 430. యావజ్జీవం కేసులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పే అవకాశం ఇచ్చాకే కోర్టు నిర్ణయిస్తుంది. హత్య కేసులో వెంటనే రావడం కష్టం. సాక్ష్యాన్ని ఈ దశలో లోతుగా తిరగదోడకూడదని, తీర్పులో పైకే కనిపించే పెద్ద లోపం ఉందా అని చూడాలని 2023లో ఓంప్రకాశ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మొదటిసారి కొట్టేస్తే అంతా అయిపోయిందని కుంగిపోకండి. అప్పీల్ విచారణకు రాకుండా ఏళ్లు గడిస్తే మళ్లీ అడగొచ్చు. నేరం చేయలేదని చివర్లో తేలే మనిషిని ఐదారేళ్లు జైల్లో ఉంచడం న్యాయాన్ని వెక్కిరించడమే అన్న అర్థంలో 1977లోనే కాశ్మీరా సింగ్ కేసు మాట్లాడింది. మన ఉమ్మడి హైకోర్టు 2016లో బచ్చు రంగారావు కేసులో, ఐదేళ్లు జైల్లో గడిపినా అప్పీల్ తేలని యావజ్జీవ ఖైదీలకు బెయిల్ ఇచ్చే విషయంలో మార్గదర్శకాలు పెట్టింది. కొన్ని రకాల నేరాలకు మినహాయింపులున్నాయి, జైల్లో నడవడిక కూడా చూస్తారు. ఐదేళ్లు దగ్గరపడుతుంటే జైలు నుంచి గడిపిన కాలం సర్టిఫికెట్ తీసుకుని వకీలుకు గుర్తుచేయండి. రిమాండ్‌లో ఉన్న రోజులు కూడా అందులో రాయించుకోండి.

విచారణ రోజు, తీర్పు

యావజ్జీవం అప్పీల్‌ను హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ వింటుంది. తెలంగాణ కేసులు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్ కేసులు అమరావతి నేలపాడులో. వకీలు రాలేదన్న కారణంతో అప్పీల్‌ను ఊరికే కొట్టేయకూడదని, రికార్డు చూసి తేల్చాలని 1996లో బానీ సింగ్ కేసు చెప్పింది. అయినా ఆ తేదీన ఇంటి నుంచి ఒకరు కోర్టుకు వెళ్లండి.

కోర్టు పూర్తిగా విడుదల చేయొచ్చు, హత్యను 304కు తగ్గించొచ్చు, మళ్లీ విచారణ జరపమనొచ్చు, శిక్షను అలాగే ఉంచొచ్చు. మీరు వేసిన అప్పీల్లోనే శిక్ష పెంచడానికి వీల్లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీల్ వేయాలి, లేదా హైకోర్టు ముందుగా నోటీసు ఇచ్చి మీ మాట వినాలి. 'అప్పీల్ వేస్తే ఉరి పడుతుందేమో' అన్న భయంతో ఆగిపోయే కుటుంబాలు దీన్ని గమనించాలి.

నేరాలను విడదీసి వాదించమన్నది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. హత్య, వాడకం రెండూ కొట్టేసి, దగ్గర ఉంచుకున్న నేరం ఒక్కటే ఉంచారనుకోండి. దాని శిక్ష రెండు మూడేళ్లే అయితే, రిమాండ్ నుంచి గడిపిన కాలాన్ని మినహాయించుకునే హక్కు ఉంది కాబట్టి మనిషి అప్పటికే శిక్ష పూర్తి చేసి ఉంటాడు. విడుదల ఆర్డర్ కాపీ అదే రోజు జైలుకు చేరేలా వకీలును అడగండి. జరిమానా కట్టకపోతే ఆ బదులు శిక్ష కోసం మళ్లీ ఆపుతారు. ఆ డబ్బు ముందే సిద్ధం చేసుకోండి.

అక్కడా ఓడిపోతే

సుప్రీంకోర్టుకు వెళ్లడానికి మామూలుగా ఉండే దారి ప్రత్యేక అనుమతి పిటిషన్, గడువు హైకోర్టు తీర్పు నుంచి 90 రోజులు. అక్కడ అనుమతి హక్కు కాదు, కోర్టు ఇష్టం. కింది కోర్టు విడుదల చేసిన మనిషికి హైకోర్టు యావజ్జీవం గానీ, పదేళ్లు ఆ పైన గానీ వేస్తే మాత్రం సుప్రీంకోర్టులో అప్పీల్ హక్కుగానే ఉంటుంది. బెయిల్ మీద బయట ఉన్న మనిషి ముందు లొంగిపోవాలి, లేదా ఆ మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టాలి. అక్కడ కూడా ఉచిత న్యాయ సహాయ కమిటీ ఉంది, జైలు ద్వారానే కాగితాలు పంపొచ్చు.

ఇంకొక దారి చాలామందికి తట్టదు. నేరం జరిగిన రోజుకు మీ అబ్బాయికి 18 ఏళ్లు నిండలేదేమో చూసుకోండి. 2015 బాల నేరస్థుల న్యాయ చట్టం సెక్షన్ 9 ప్రకారం ఆ మాట ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా చెప్పొచ్చు. మొదట చూసేది స్కూలు జనన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. అవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. పోలీసులు చార్జిషీటులో రాసిన వయసు తరచూ ఉజ్జాయింపే. ఒకటో తరగతిలో చేర్పించిన స్కూలు ఇంకా ఉంటే అక్కడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరులో ఆ పేజీ చూడండి, హెడ్మాస్టరు గారి సంతకంతో కాపీ తీసుకోండి.